రోకలికి తెలిసిన చెయ్యి

ఆ యంత్రానికి కాగితాల మీద ఉన్న పేరు పలకాలంటే నోరు తిరగదు. అందుకని ప్రయోగశాలలో అందరూ దాన్ని రోకలి అనేవారు. డైరెక్టరు సదాశివం గారు ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దల ముందు ఒకసారి పొరపాటున రోకలి అనేసి, దగ్గినట్టు నటించి సర్దుకున్నారు.

ఆ పెద్దల్లో ఒకాయన ఓడలోని కొలతలతోనే అక్కడ కట్టిన ఇరుకు ఫిరంగి గదినంతా కలయజూసి, "మనుషులకీ యంత్రానికీ మధ్య కంచె ఏదీ?" అని అడిగాడు.

"లేదండీ," అంది గొర్లె సత్యవాణి. ఆ యంత్రం ఆమె చేసినదే. "కంచె పెడితే గది పెంచాలి. గది పెంచితే ఓడ పెంచాలి."

ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. వెనకటి యుద్ధనౌకల్లో పెద్ద ఫిరంగికి గుండు ఎక్కించడమంటే ఒక కార్ఖానా నడపడమే. నీటి ఒత్తిడి గొట్టాలు, గొలుసులు, కేకలు, వాటి మధ్య చెమటలు కక్కుతూ ఒక జట్టు. తరవాత క్షిపణులొచ్చి ఆ ఫిరంగులన్నీ తుక్కు కింద పోయాయి. క్షిపణుల కళ్ళు కప్పే పరికరాలు ప్రతి దేశమూ సంపాదించుకున్నాక, కళ్ళే లేని పాతకాలపు గుండ్లకు మళ్ళీ మంచిరోజులొచ్చాయి. కాని ఇప్పటి ఓడల్లో అంత చోటు లేదు. సత్యవాణి రోకలి, పెళ్ళి వంటల దగ్గర పిండి రుబ్బే గ్రైండరంత మోటారు. ట్రే మీద పడుకున్న గుండును, అది ఇద్దరు మనుషుల బరువైనా సరే, ఫిరంగి వెనక నోట్లోకి ఒక్క ఊపులో దూర్చేస్తుంది.

సత్యవాణి తల ఊపగానే గుండు పక్కన నిలబడి ఉన్న పైడిరాజు నవ్వుకున్నాడు. రోకలి కదిలింది. గుండు ఊపందుకుంది. పైడిరాజు దాని దారిలో చెయ్యి పెట్టబోయాడు. పెట్టలేదు, పెట్టబోయాడంతే. చెయ్యి ఇంకా తొడ పక్కనుంచి లేవకముందే రోకలి పట్టి ఆపినట్టు ఆగిపోయింది. ఢిల్లీ పెద్దలు ఒక అడుగు వెనక్కి వేశారు.

పైడిరాజు భుజం మీద చొక్కా కింద ఒక పట్టీ ఉంది. చెయ్యి కదపాలని మెదడు తలుచుకోవడానికీ, చెయ్యి నిజంగా కదలడానికీ మధ్య ఒక చిన్న సందు ఉంటుంది. మనకు అది ఉన్నట్టే తెలియదు. ఆ సందులో భుజం కండరానికి చేరే కబురును ఆ పట్టీ వింటుంది, రోకలికి చెబుతుంది. చెయ్యి దారిలోకి వస్తుందంటే రోకలి ఆగుతుంది, వెనక్కి పోతుందంటే ఇంకాస్త ముందే బయల్దేరుతుంది. ముందుగా తెలిస్తే ఎంత బరువునైనా ఆపగలదు. ఆలస్యంగా తెలిస్తే మాత్రం ఆ బరువును ఆపడం దాని తరం కాదు, ఎవరి తరమూ కాదు.

"మనసులో మాట కనిపెట్టేస్తుందన్నమాట," అన్నాడు ఢిల్లీ ఆయన.

"మనసు దాకా వెళ్ళదండీ. భుజం దాకానే," అంది సత్యవాణి.

పైడిరాజు ఆమెకు సొంత తమ్ముడు. నేవీలో చిన్న ఫిరంగుల దగ్గర పనిచేసి రిటైరయ్యాక ఇక్కడ చేరాడు. గుండు మూతికి ఫ్యూజు, అంటే దాన్ని పేల్చే మర, బిగించడం అతని పని. గేటు లోపల ఆమెను మేడం అనేవాడు, గేటు దాటగానే అప్పా అనేవాడు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద మల్కాపురంలో ఇంటికి వెళ్ళేవారు. పెళ్ళి చేసుకోని సత్యవాణి పై వాటాలో, తమ్ముడి కుటుంబం కింది వాటాలో ఉండేది. తమ్ముడి భార్య జయంతి ఆస్పత్రిలో నర్సు, ఆమెకు పొద్దుటి డ్యూటీ. అందుకని రోజూ కూతురు మోక్షితకు రెండు జడలు వేసి బడికి పంపేది పైడిరాజే. ఫిరంగి దగ్గర ఎంత ఒడుపుగా ఫ్యూజు తిప్పేవాడో అంత ఒడుపుగానూ పాయలు తిప్పేవాడు. వీధిలో ఆడవాళ్ళు మోక్షిత జడలు చూసి, ఎవరు వేశారమ్మా అని తెలిసీ అడిగేవారు, ఆ పిల్ల చెప్పే తీరు చూసి నవ్వుకోవడానికి.

రోకలికి మనుషుల కదలికలు నేర్పడానికి చాలాకాలం పట్టింది. పైడిరాజూ, అతని తోటివాళ్ళూ పట్టీలు కట్టుకుని వేలసార్లు ఫ్యూజులు బిగించారు, వంగారు, లేచారు, తుమ్మారు, గోక్కున్నారు, కావాలని జారిపడ్డారు. అన్నీ రోకలి నేర్చుకుంది. ఆ రోజుల్లో ట్రే మీద ఉండేవి ఫైబరుతో పోసిన ఉత్తుత్తి గుండ్లు. బరువుండేవి గానీ చూడ్డానికి నీళ్ళ డ్రమ్ముల్లా ఉండేవి. మధ్యాహ్నం వాటి మీద కూర్చుని అన్నాలు తినేవారు.

అసలు గుండ్లు దసరా ముందు వచ్చాయి. లోపల మందు లేదు, ఇసుకే. కాని ఉక్కు అసలుదే, నడుము చుట్టూ రాగి పట్టీ మెరుస్తూ, చూస్తే గుండే. ఆయుధపూజ నాడు వాటిని వరసగా నిలబెట్టి పసుపు రాశారు. రోకలికి బంతిపూల దండ వేశారు. పెద్ద ఇంజనీరు మేడం కాబట్టి కుంకుమ గిన్నె సత్యవాణి చేతికిచ్చారు. ఆమెకు పూజల మీద పెద్ద పట్టింపు లేదు, అలాగని కాదనేంత విరోధమూ లేదు. ఒక్కో గుండుకూ బొట్టు పెట్టుకుంటూ వెళ్ళింది. కొబ్బరి ముక్కలూ అటుకులూ పంచుకుని ఇళ్ళకు పోయారు.

పండగ వెళ్ళిన వారంలో ఫిరంగి మూతి ఆకాశంలోకి ఎత్తి పరీక్ష పెట్టారు. మూతి పైకి లేస్తే వెనక నోరు నేలకు దిగుతుంది, దాంతో ట్రే కూడా మోకాళ్ళ కిందికి దిగుతుంది. పైడిరాజు ఒక మోకాలి మీద కూర్చుని ఫ్యూజు బిగించాడు, చేతులు వెనక్కి తీసుకున్నాడు, లేచాడు. లేవడంలో అతని బూటు గుండుకు తగిలింది.

తరవాత జరిగింది మన పక్క మనుషులకు వివరించి చెప్పక్కర్లేదు. పుస్తకానికి కాలు తగిలితే ఏం చేస్తామో అతను అదే చేశాడు. కాలు చటుక్కున వెనక్కి తీసుకుని, వంగి, కుడిచేత్తో గుండును ముట్టుకుని కళ్ళకద్దుకోబోయాడు. ఆ కాలు వెనక్కి పోవడంలో ఒళ్ళంతా వెనక్కి పోయే కబురే భుజానికి అందింది. మనిషి తప్పుకుంటున్నాడు, దారి ఖాళీ అనుకుంది రోకలి. ఇంకాస్త ముందే బయల్దేరింది.

చెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఫైబరు గుండుకు ఎన్నిసార్లు కాలు తగిలిందో లెక్కలేదు. దానికెవరూ దండం పెట్టలేదు. అందువల్ల రోకలి ఆ కదలికను ఎన్నడూ చూడలేదు. సత్యవాణికి ఈ సంగతి ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండగా తెలిసింది. ఎవరూ చెప్పలేదు, దానంతటదే తెలిసింది. ఆమె లేచి కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చుంది. జయంతి ఆమె పక్కనే యూనిఫాంలో ఉంది.

విచారణ సంఘం సాఫీగా తేల్చేసింది. యంత్రం తన పని తాను చేసింది, మనిషి నియమానికి విరుద్ధంగా చెయ్యి పెట్టాడు. నేవీ వాళ్ళు ఓడ మీద పరీక్షకు తొందర పెడుతున్నారు. సదాశివం గారు అందరినీ కూర్చోబెట్టి కొత్త ఆజ్ఞ చదివారు. ఇకమీదట గుండ్లకు పసుపు కుంకుమలు నిషేధం. గుండుకు కాలు తగిలినా వంగకూడదు, ముట్టుకోకూడదు.

"ఓడ మీద ఉండేది సైనికులు. క్రమశిక్షణ ఉన్నవాళ్ళు. చెబితే వింటారు," అన్నారాయన.

చదవడం అయ్యాక కాగితాలు టేబులు మీద పెట్టబోతే ఒకటి జారి కింద పడింది. ఆయన లేస్తూ దాని మీద కాలు వేశారు. వెంటనే వంగి దాన్ని తీసి కళ్ళకద్దుకుని, ఫైల్లో పెట్టి, "ఇంకేమన్నా సందేహాలున్నాయా?" అని అడిగారు. గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయనకు ఈరోజుకీ తెలియదు ఆ పని చేశానని.

సత్యవాణి ఆ రోజే నిర్ణయించుకుంది. మనుషుల్ని మార్చడం కుదిరే పని కాదు, రోకలికే నేర్పాలి. అది నేర్చుకోకుండా ఓడ ఎక్కనివ్వనని డైరెక్టరు గారికి చెప్పింది. ఆయన విసుక్కుని, సంక్రాంతి దాటాక ఇంకొక్క నెల, ఆపైన నీ మాట వినను అన్నారు.

నేర్పుదామంటే ఎవరి దగ్గర నేర్పించాలి? ముందు కుర్రాళ్ళను నటించమన్నారు. కాలు తగిలినట్టు, వంగినట్టు, అద్దుకున్నట్టు. వాళ్ళు నాటకాల్లో వేషం వేసినంత శ్రద్ధగా చేశారు. పట్టీలు చెప్పే కథ వేరేగా ఉంది. నటించేవాడికి ముందు చెయ్యి లేస్తుంది, తరవాత కాలు. నిజంగా తగిలినవాడికి ఒళ్ళంతా ఒక్కసారే ఉలిక్కిపడుతుంది. రోకలి ఆ నటనను నేర్చుకుంది, నటించేవాళ్ళ దగ్గర చక్కగా ఆగింది. అంతకుమించి ఉపయోగం లేకపోయింది. పట్టీలు ఇళ్ళకు పంపి చూశారు. ఇంట్లో చాప మీద చీపురుకో పుస్తకానికో తగిలిన కాలు తాపీగా ఉంటుంది, ఫిరంగి పక్కన హడావిడిలో బిగుసుకుని ఉన్న ఒంటికీ దానికీ పోలిక లేదు. చివరికి ఒకడి కుడిచేతిని నడుముకు కట్టేసి ఫిరంగి దగ్గర నిలబెట్టారు. చెయ్యి కట్టేసి ఉందని ఒంటికి తెలుసు కదా, భుజం మూగబోయింది.

నిజమైన కాలు, నిజమైన గుండు, పూర్తి వేగంలో రోకలి, స్వేచ్ఛగా ఉన్న భుజం కావాలి. అవన్నీ ఉన్నచోట ఇంకొకడి చెయ్యి పోతుంది. సత్యవాణి ఆ గోడ దగ్గర ఆగిపోయింది.

పైడిరాజు ఇంట్లోనే ఉండేవాడు. పొద్దున్నే మోక్షిత అతని ముందు పీట వేసుకుని కూర్చునేది. మూడు పాయల్లో రెండు అతను ఎడమచేత్తో పట్టుకుంటే, మూడోది ఆ పిల్ల తల వెనక్కి చెయ్యి పెట్టి పట్టుకునేది. అటు నాన్న, ఇటు కూతురు, చెప్పుకుంటూ జడ వేసేవారు. జడ వంకరగానే వచ్చేది. వీధిలో ఇప్పుడెవరూ అడిగేవారు కాదు.

పోయిన చెయ్యి పోలేదని చెప్పేవాడు అతను. ఎవరైనా వింటారంటే చెప్పేవాడు. "ఉందప్పా. పిడికిలి బిగుసుకుపోయి ఉంది. ఆ ఫిరంగి నోట్లోనే ఇరుక్కుని ఉంది. లాగుతుంటే రాదు." నొప్పి వచ్చినప్పుడు లేని వేళ్ళ దగ్గర ఎడమచేత్తో గాలిని పిసికేవాడు. ఇలాంటి వాళ్ళకు ఇది మామూలేనని, చెయ్యి పోయినా దాని కబుర్లు మోసే నరాలు పోవని డాక్టరు చెప్పాడు. మందులిచ్చాడు. అవి నిద్రకు పనికొచ్చాయి గానీ పిడికిలికి పనిచెయ్యలేదు.

ఒక ఆదివారం సత్యవాణి కిందికి దిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. పైడిరాజు మంచం దిగుతుంటే నేల మీద పరిచి ఉన్న మోక్షిత పుస్తకానికి కాలు తగిలింది. అతను చటుక్కున వంగాడు. కుడి భుజం ముందుకు వచ్చింది, మోచెయ్యి మడత పడింది, మొండి మణికట్టు పుస్తకం వైపు దిగింది. అక్కడ ఆగిపోయింది. అతని ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. పైకి లేచే సగం దారిలో చెయ్యిని ఎవరో పట్టి ఉంచినట్టు, కళ్ళ దాకా రాలేదు.

సత్యవాణి చూస్తూ ఉండిపోయింది. ఆమె చూసింది నొప్పిని కాదు. భుజాన్ని. ఏ కండరం ముందు కదిలింది, ఏది తరవాత, అని చూసింది. ఈ భుజానికి అబద్ధం రాదు. ఈ చేతికి ఇక పోవడానికేమీ లేదు. ఆ రెండు మాటలూ పక్కపక్కన వచ్చి నిలబడేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏటప్పా, అలగ సూత్తన్నావు?" అన్నాడు పైడిరాజు.

"ఏం లేదురా."

"ఏటీ లేకపోతే నీ మొకం అలగ ఉండదు. మోటారు పాడైనప్పుడే అలగుంటాది."

ఆమె మంచం అంచున కూర్చుంది. చెప్పకుండా ఉండాలనుకుంటూనే అంతా చెప్పింది. నటించినవాళ్ళ సంగతి, చెయ్యి కట్టేసినవాడి సంగతి, ఓడకు పెట్టిన గడువు. కాలు తగిలితే ఎడమచేత్తో ఎవరూ దండం పెట్టరని, కుడిచెయ్యే వస్తుందని, ఆ కుడిచెయ్యి అతనికి లేదని. చివరి మాట అనేటప్పుడు నేల చూసింది.

జయంతి వంటింట్లోంచి వచ్చి గోడకు ఆనుకుని విన్నది.

"సెయ్యి పోయింది సాల్లేదా వదినా?" అంది. గొంతు పెంచలేదు. "ఉన్నదే నలిగిందనుకున్నాం. లేనిదాన్ని కూడా నలిపిత్తారా?"

సత్యవాణి లేచి వెళ్ళబోయింది.

"కూకో అప్పా," అన్నాడు పైడిరాజు. భార్య వైపు తిరిగాడు. "జయా, ఆ సెయ్యి ఎలాగూ అక్కడే ఉంది. ఇంట్లో కూకున్నా రోజూ నలుగుతానే ఉంది. అక్కడికెల్లి నలిగితే ఎవుడో ఒకడికి పనికొత్తాది. ఆ ఓడెక్కే గుంటలకి ఫ్యూజు బిగించడం నేర్పింది నానే కాదేటి. ఆళ్ళూ మన పక్కోళ్ళే. కాలు తగిల్తే వంగుతారు."

జయంతి కొంగుతో చేతులు తుడుచుకుంది. తరవాత, "నాను కూడా వత్తాను. నైట్ డ్యూటీకి మారతాను. మందులు నా సేతిలో ఉంటాయి," అంది.

సదాశివం గారు ముందు ససేమిరా అన్నారు. తరవాత గడువు గుర్తొచ్చి సరే అన్నారు. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టలేదు.

మొదటిరోజు పైడిరాజు భుజానికి మళ్ళీ పట్టీ కట్టి, ట్రే మీద గుండు ఎక్కించారు. పైడిరాజు దాన్ని చూసి, "బొట్టు లేదేటి?" అన్నాడు. నిషేధమని ఎవరో గొణిగారు. "బొట్టు లేకపోతే అది డ్రమ్మే. డ్రమ్ముకి నాను దండం ఎట్టను," అన్నాడు. కుంకుమ తెప్పించారు. అందరూ సత్యవాణి వైపు చూశారు. మొదటిసారి ఎవరు పెట్టారో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఆమె వేలు కుంకుమలో ముంచి గుండుకు బొట్టు పెట్టింది. వేలు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికింది గానీ దొరకలేదు.

అతను ఎడమచేత్తో పానా తిప్పి ఫ్యూజు బిగించేవాడు. లేచేవాడు, కమ్మీ పట్టుకునేవాడు. కాలు తగలాలని చూస్తే తగలదు, అది కూడా నటనే అవుతుంది. అందుకని పని మీద పని పెట్టి అలసిపోయేలా చేశారు. ఇరుకు చోటు, కిందికి దిగిన ట్రే. ఎప్పుడో ఒకప్పుడు బూటు తగిలేది. తగలగానే ఒళ్ళు ఉలిక్కిపడేది, భుజం వంగేది, మొండి చెయ్యి గుండుకు జానెడు దూరంలో ఆగేది. అక్కడి నుంచి ముందుకు ఉన్న చెయ్యి అతనికి తప్ప ఎవరికీ కనబడేది కాదు. రోకలి ఆగకుండా గుండును లోపలికి దూర్చేది.

అప్పుడు పైడిరాజు అరిచేవాడు కాదు. కింది పెదవి కొరుక్కునేవాడు, రంగు పోయేది. జయంతి నీళ్ళిచ్చేది. సత్యవాణి తెర ముందు కూర్చుని రోకలికి పాఠం చెప్పేది. ఇక్కడ ఒక చెయ్యి ఉండింది, నువ్వు దాన్ని నలిపేశావు. రోకలికి కన్నీళ్ళుండవు, తప్పు ఒప్పుకోవడమూ ఉండదు. తప్పును మాత్రం కొంచెం కొంచెంగా తగ్గించుకుంటుంది.

"ఇంకోటి," అనేవాడు పైడిరాజు.

సాయంత్రాలు ఇద్దరూ స్కూటరు మీదే ఇంటికి వెళ్ళేవారు. ఒకరోజు సత్యవాణి దారిలో బండి ఆపి, "మానేద్దాంరా. ఓడ పోతే పోనీ," అంది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగా అంది. పదేళ్ళ పని మీద ఆమెకు ఆ సాయంత్రం మమకారం మిగల్లేదు.

"ఇయ్యాల దెబ్బ కాస్త ఆలీసంగా వచ్చింది అప్పా," అన్నాడతను. "ఎప్పుడూ వేళ్ళ కాడ పడేది. ఇయ్యాల గోళ్ళ కాడ పడింది. అనుమానపడతంది అది. బండి పోనీ."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి లెక్కలు చూసుకుంటే అతను చెప్పింది నిజమే. రోకలి బయల్దేరడానికి ముందు తటపటాయిస్తోంది. ఆ తటపటాయింపు తెర మీద కనబడకముందే తమ్ముడి లేని వేళ్ళకు తెలిసిపోయింది. సత్యవాణికి సంతోషం కలిగింది. కలిగినందుకు సిగ్గేసింది. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏదీ రెండోదాన్ని చెరపలేదు.

గడువు దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టారు. ఉక్కగా ఉంది, సముద్రం వైపు నుంచి గాలి లేదు. పైడిరాజు ఫ్యూజు బిగించాడు, లేచాడు, ఎవరో ఏదో అడిగితే అటు తిరిగి జవాబు చెబుతున్నాడు. బూటు గుండుకు తగిలింది. మాట మధ్యలోనే వంగాడు.

రోకలి బయల్దేరి, ఆగింది.

గుండు బరువంతా ఆ మోటారు మీద నిలిచి ఉంది. సన్నటి మూలుగు తప్ప గదిలో చప్పుడు లేదు. పైడిరాజు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. దెబ్బ కోసం కాచుకుని పెదవి కొరుక్కుని ఉన్నాడు. దెబ్బ రాలేదు. అతను నెమ్మదిగా తల తిప్పి రోకలిని చూశాడు. అది కదల్లేదు. ఖాళీ దారికి ఇవతల, ఎవరి చెయ్యో అడ్డున్నట్టు నిలబడి ఉంది.

అప్పుడు అతను నడుమెత్తాడు. మోచెయ్యి మడిచాడు. మొండి మణికట్టు పైకి లేచింది, సగం దారి దాటింది, ఇంకా పైకి వచ్చింది. ముఖానికి జానెడు దూరంలో ఆగింది. ఆ జానెడులో ఏముందో అక్కడున్నవాళ్ళలో ఎవరికీ కనబడలేదు. అతని కనురెప్పలు మాత్రం మూసుకున్నాయి, ఏదో వచ్చి తగిలినట్టు.

దారి ఖాళీ అయిందని రోకలికి తెలిసింది. గుండును లోపలికి దూర్చింది.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. సదాశివం గారు కబురు తెలిసి పరుగులాంటి నడకతో వచ్చారు. అటుపైన సాయంత్రం దాకా ఎన్నిసార్లు కాలు తగిలితే అన్నిసార్లూ రోకలి ఆగింది. చివర్లో మరో కుర్రాణ్ణి, రెండు చేతులూ ఉన్నవాణ్ణి, తక్కువ వేగంలో నిలబెట్టి చూశారు. అతనికీ ఆగింది. ఓడ పరీక్షకు తేదీ వేసుకోవచ్చని సదాశివం గారు అన్నారు. సత్యవాణి తల ఊపింది.

జయంతి నైట్ డ్యూటీకి అక్కణ్ణుంచే ఆస్పత్రికి వెళ్ళిపోయింది. అక్కా తమ్ముళ్ళు స్కూటరెక్కారు. ఓడరేవు రోడ్డు మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. సత్యవాణి సందు చూసుకుని నడుపుతోంది. చాలా దూరం వెళ్ళాక పైడిరాజు ముందుకు వంగి అన్నాడు.

"బయటికొచ్చేసింది అప్పా."

"చూశాన్రా."

"కళ్ళకి అద్దుకున్నాను. వేళ్ళు ఇప్పుకున్నాయి. సల్లగా తగిలింది."

"నొప్పి?"

"లేదు. అసలు లేదు." లారీ ఒకటి దాటాక మళ్ళీ అన్నాడు. "సెయ్యి కూడా లేదప్పా."

ఆమె బండి పక్కకు తీసి ఆపింది. వెనక్కి తిరిగి చూసింది. అతను మొండి మణికట్టును ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాని ముందు గాలిని తడుముతున్నాడు. ఇన్నాళ్ళూ పిసికినట్టు కాదు, పోయిన వస్తువును వెతుక్కుంటున్నట్టు.

"అద్దుకున్న కాసేపటికి ఎల్లిపోయింది. నొప్పెట్టినంతకాలం ఉందనుకున్నాను. ఇప్పుడు ఎంత ఎతికినా ఆ సోట ఏటీ తగల్లేదు." అతను తలెత్తాడు. "ఆ రోకలికి తెలస్తాదా అప్పా, నాకు సెయ్యి లేదని?"

"తెలీదురా. దానికి నీ భుజమే తెలుసు. దాని లెక్కలో నీకు రెండు చేతులూ ఉన్నాయి. ఎప్పటికీ ఉంటాయి. ఆ ఓడ మీద ఎవడు వంగినా అది నీ చేతిని చూసే ఆగుతుంది."

పైడిరాజు గాలిని తడమడం ఆపాడు.

"అయితే దానికొక్కదానికే తెలుసన్నమాట, అది ఎలాగుండేదో," అన్నాడు.

సత్యవాణికి ఏడుపు వచ్చింది. ప్రమాదం జరిగిన రోజు రానిది, జయంతి అడిగిన రోజు రానిది, అప్పుడు వచ్చింది. లారీలవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు. పైడిరాజు బండి దిగి, ఎడమచెయ్యి ఆమె భుజం మీద వేసి, ఏడుపు తగ్గేదాకా పక్కన నిలబడ్డాడు.